రెండు దేశాలు, ఒకే ప్రయోగశాల: ఫ్రాన్స్, జర్మనీల ఉమ్మడి పరిశోధనకు డబ్బు ఎలా వస్తుంది?

రెండు ఊళ్ల విద్యార్థిని (సోమవారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. మాది రాజమహేంద్రవరం. జర్మనీలో పిహెచ్‌డి రెండో ఏడాది చదువుతున్నాను. బ్యాటరీలలో లిథియం ఎలా కదులుతుందో పరిశీలించడం నా పని. నాకు ఇద్దరు మార్గదర్శకులు. ఒకరు ఇక్కడ, ఇంకొకరు ఫ్రాన్స్‌లో. సిద్ధాంత గ్రంథం ఒకటే, పట్టా మాత్రం రెండు విశ్వవిద్యాలయాలు కలిసి ఇస్తాయి. దీన్ని ఫ్రెంచిలో 'కోట్యుటెల్' అంటారు.

మా ఇద్దరు ఆచార్యులూ కలిసి కొత్త ఉమ్మడి ప్రతిపాదన రాస్తున్నారు. పట్టికలు, ఖర్చు అంచనాలు తయారుచేసే పని నాకు అప్పగించారు. రాస్తున్నకొద్దీ నాకు ఆశ్చర్యం పెరుగుతోంది. పరిశోధన ఒకటే అయినా ఖాతాలు రెండు, నియమాలు రెండు రకాలు. జీతం అన్న మాటకు కూడా రెండు అర్థాలు. ఒక దేశం సరేనని ఇంకో దేశం కాదంటే మొత్తం ఆగిపోతుందట. నా ఒప్పందం ఇంకా పద్నాలుగు నెలలే ఉంది కాబట్టి ఇది నాకు పుస్తకాల ప్రశ్న కాదు.

ఈ రెండు దేశాలు అరవై ఏళ్లుగా కలిసి పనిచేస్తున్నాయని వింటాం. అయినా ఇద్దరికీ కలిపి ఒకే డబ్బు సంచి ఎందుకు లేదు? తెలిసినవారు వివరంగా చెప్పగలరా?

పైసా లెక్క (సోమవారం, రాత్రి 10:25)

చెల్లెమ్మా, నేను జర్మనీలో ఒక పరిశోధన కేంద్రంలో ప్రాజెక్టుల లెక్కలు చూస్తాను. నా బల్ల మీదికి వచ్చేవి ఈ కాగితాలే, కాబట్టి వరుసగా చెబుతాను.

రెండు దేశాల మధ్య పరిశోధనకు డబ్బు మూడు దారుల్లో వస్తుంది. ఒకటి రాకపోకల డబ్బు. జర్మన్, ఫ్రెంచ్ బృందాలు ఒకరి దగ్గరికి ఒకరు వెళ్లిరావడానికి 'ప్రొకోప్' అనే పథకం ఉంది. రైలు టికెట్టు, బస ఇస్తారు, జీతం ఇవ్వరు. చిన్న మొత్తమే అయినా ఎన్నో పెద్ద పనులు ఇక్కడే మొలకెత్తాయి.

రెండోది నువ్వు రాస్తున్న రకం. జర్మనీలో డీఎఫ్‌జీ, ఫ్రాన్స్‌లో ఏఎన్ఆర్ అని పరిశోధనకు నిధులిచ్చే రెండు పెద్ద సంస్థలు ఉన్నాయి. డీఎఫ్‌జీ మూలాలు 1920 నాటివి, ఏఎన్ఆర్ 2005లో పుట్టింది. మానవీయ, సామాజిక శాస్త్రాలలో ఈ రెండూ 2007 నుంచి ఉమ్మడిగా ప్రతిపాదనలు పిలుస్తున్నాయి. ఆ తరువాత మిగతా శాస్త్రాలకూ ఆ దారి తెరిచారు. ప్రతిపాదన ఒకటే అయినా జర్మన్ బృందానికి జర్మన్ డబ్బు, ఫ్రెంచ్ బృందానికి ఫ్రెంచ్ డబ్బు. ఒక్క యూరో కూడా సరిహద్దులోని రైన్ నది దాటదు. అందుకే ఇద్దరూ ఒప్పుకుంటేనే పని మొదలవుతుంది.

ఎందుకిలా అంటే, ఆ డబ్బు ఆ దేశం పన్ను. పార్లమెంటుకు, ఆడిటర్లకు జవాబు చెప్పాల్సింది ఆ దేశపు సంస్థే. పైగా పద్ధతులు వేరు. ఫ్రాన్స్‌లో జాతీయ పరిశోధన సంస్థ సీఎన్ఆర్ఎస్ పరిశోధకులు చాలామంది శాశ్వత ఉద్యోగులు. జీతం ప్రభుత్వం ఇస్తుంది కాబట్టి ప్రాజెక్టులో వాళ్ల జీతం అడగరు, పరికరాలకు, తాత్కాలిక సహాయకులకు అడుగుతారు. జర్మనీలో నీలాంటి పిహెచ్‌డి విద్యార్థి జీతమే ప్రాజెక్టు డబ్బు నుంచి వస్తుంది. పైగా 2007లో వచ్చిన చట్టం ప్రకారం తాత్కాలిక ఒప్పందాలకు హద్దు ఉంది: పిహెచ్‌డికి ముందు ఆరేళ్లు, తరువాత ఆరేళ్లు. జీతం అన్న మాటకు రెండు అర్థాలు కనిపించింది అందుకే.

మూడో దారి ఉమ్మడి సంచి. అది చాలా అరుదు. దాని కథ మాస్టారు చెబితే బాగుంటుంది.

భౌతికశాస్త్రం మాస్టారు (మంగళవారం, ఉదయం 6:15)

అమ్మాయీ, నీ ప్రశ్న చూసి రాత్రి నిద్ర పట్టలేదు. ఉమ్మడి సంచి అనగానే నాకు గుర్తొచ్చేది ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ ఊరు.

1963 జనవరి 22న ఫ్రాన్స్ అధ్యక్షుడు డీగాల్, జర్మనీ ఛాన్సలర్ అడెనావర్ పారిస్‌లో ఎలీజే ఒప్పందం మీద సంతకాలు చేశారు. విదేశాంగం, రక్షణ, విద్య, యువత గురించి అందులో ఎంతో రాశారు. శాస్త్ర పరిశోధన గురించి ఉన్నది, పరిశోధన సంస్థలు సంబంధాలు పెంచుకోవాలనే చిన్న మాట మాత్రమే. నాలుగేళ్లు తిరిగేసరికి, 1967 జనవరి 19న, రెండు ప్రభుత్వాలు కలిసి గ్రెనోబుల్‌లో పరిశోధన కోసం ఒక అణు రియాక్టరు కట్టడానికి ఒప్పందం చేసుకున్నాయి. ఫ్రాన్స్ తరఫున మంత్రి అలైన్ పెయ్‌ర్‌ఫిట్, జర్మనీ తరఫున మంత్రి గెర్హార్డ్ స్టోల్టెన్‌బర్గ్ సంతకం పెట్టారు. దాని వెనుక ఇద్దరు భౌతిక శాస్త్రవేత్తలు, ఫ్రాన్స్ నుంచి లూయీ నీల్, జర్మనీ నుంచి హైన్జ్ మయర్-లైబ్నిట్స్ ఉన్నారు. మయర్-లైబ్నిట్స్ దానికి తొలి డైరెక్టరు కూడా.

పేరు చూడు: లావె-లాంజెవాన్ సంస్థ. ఇద్దరూ భౌతిక శాస్త్రవేత్తలే, మాక్స్ ఫన్ లావె జర్మన్, పాల్ లాంజెవాన్ ఫ్రెంచ్. వీళ్లిద్దరినే ఎందుకు ఎంచారో నేను తరగతిలో ప్రతి ఏటా చెప్పేవాడిని. లాంజెవాన్‌ను 1940లో జర్మన్ ఆక్రమణదారులు పారిస్‌లో అరెస్టు చేశారు. ఆయన అల్లుణ్ని 1942లో కాల్చి చంపారు. కూతురిని ఆష్‌విట్స్ నాజీ మృత్యు శిబిరానికి పంపారు, ఆమె బతికి బయటపడింది. అటు లావె, జర్మనీలోనే ఉంటూ నాజీలకు తల వంచని కొద్దిమంది శాస్త్రవేత్తలలో ఒకరు. ఆయన నోబెల్ పతకం నాజీల చేతికి చిక్కకూడదని కోపెన్‌హేగన్‌లో రసాయన శాస్త్రవేత్త హెవెసీ దాన్ని ఆమ్లంలో కరిగించి సీసాలో దాచాడు. యుద్ధం తరువాత ఆ బంగారంతోనే పతకాన్ని మళ్లీ పోతపోశారు.

జర్మన్ సైన్యం గ్రెనోబుల్‌ను ఖాళీ చేసింది 1944లో. 23 ఏళ్లకే అదే ఊళ్లో, ఈ ఇద్దరి పేర్లు పక్కపక్కన పెట్టి, రెండు దేశాలు ఒకే గోడల మధ్య పనికి కూర్చున్నాయి. నాకు ఆ చిన్న గీత, లావెకు లాంజెవాన్‌కు మధ్య ఉన్న గీత, ఎన్నో ఒప్పందాల కంటే బరువైనదిగా కనిపిస్తుంది.

ఆల్ప్స్ నీడ (మంగళవారం, మధ్యాహ్నం 1:05)

మాస్టారికి నమస్కారం. నేను గ్రెనోబుల్‌లోనే పనిచేస్తున్నాను. మీరు చెప్పిన రియాక్టరు ఇజేర్, డ్రాక్ నదులు కలిసే చోట ఉంది. మూడు వైపులా కొండలు. సంగమం పక్కన ప్రయోగశాల అన్నది గోదావరి ఒడ్డున పెరిగిన విద్యార్థినికి నచ్చుతుంది.

దీని సామర్థ్యం 58.3 మెగావాట్లు, అయినా కరెంటు తయారుచేయదు. 1971లో మొదలైనప్పటి నుంచి దీని పని న్యూట్రాన్లు ఇవ్వడమే. చుట్టూ భారజలం, మధ్యలో ఒకే ఒక్క ఇంధన పలకల గుత్తి. ఒక గుత్తి సుమారు యాభై రోజులు వస్తుంది. న్యూట్రాన్లు గొట్టాల గుండా సుమారు నలభై పరికరాలకు చేరతాయి. ఎక్స్-కిరణానికి లిథియం, హైడ్రోజన్ లాంటి తేలిక పరమాణువులు సరిగా ఆనవు, న్యూట్రానుకు ఆనుతాయి. పరమాణువులోని అయస్కాంతత్వం కూడా దానికి తెలుస్తుంది. ఉక్కు కమ్మీ లోపలికి దూరి ఒత్తిడి ఎక్కడుందో చెబుతుంది.

ఇక డబ్బు. సంస్థ ఫ్రెంచ్ చట్టం కింద నమోదైన కంపెనీ. మొదట ఇద్దరు భాగస్వాములు, 1973లో బ్రిటన్ వచ్చాక ముగ్గురు. ఫ్రాన్స్ నుంచి సీఎన్ఆర్ఎస్, అణుశక్తి సంస్థ సీఈఏ, జర్మనీ నుంచి యూలిష్ పరిశోధన కేంద్రం, బ్రిటన్ నుంచి దాని పరిశోధన మండలి. ఈ దేశాలు పెద్ద వాటాలు మోస్తాయి, మరికొన్ని దేశాలు సభ్యులుగా చిన్న వాటాలు ఇస్తాయి. ఇది పైసా లెక్క గారు చెప్పిన అసలైన ఉమ్మడి సంచి: డబ్బు లోపలికి వచ్చాక అది ఏ దేశానిదో గుర్తు ఉండదు. ఒక బోల్టు మీద జర్మనీ అని, ఇంకో బోల్టు మీద ఫ్రాన్స్ అని రాసి ఉండదు.

కానీ సమయం మీద గుర్తు ఉంటుంది. ఏడాదికి రెండుసార్లు ప్రయోగ ప్రతిపాదనలు పిలుస్తారు. విషయ నిపుణుల సంఘాలు ముందు శాస్త్రపరమైన విలువ చూస్తాయి. తరువాత ప్రతి దేశానికి దాని వాటాకు తగ్గ రోజులు దక్కాయా అని సరిచూస్తారు. ఫలితాలు ప్రచురించే పరిశోధకులకు ప్రయోగం ఉచితం. ఈ సర్దుబాటు వల్ల మంచి ప్రతిపాదన ఒక్కోసారి వెనక్కి పోతుంది. అది నాకు బాధే. అయితే వాటాకు తగిన ఫలం లేకపోతే ఏ దేశపు ఆర్థిక మంత్రి అయినా ఎన్నాళ్లు డబ్బు ఇస్తాడు?

ప్రశ్నలపుట్ట (మంగళవారం, సాయంత్రం 7:30)

అందరి మాటలూ గౌరవంతో చదివాను. కానీ కథ ఒక వైపే నడుస్తోంది కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలి.

మొదటిది, ఆ రియాక్టరు ఇంధనం 93 శాతం శుద్ధి చేసిన యురేనియం. అది ఆయుధాలకు పనికొచ్చే స్థాయి. తక్కువ శుద్ధి ఇంధనానికి మారేందుకు ఏళ్ల తరబడి పని జరుగుతోంది, మార్పు ఇంకా రాలేదు. ఇతర దేశాలకు నీతులు చెప్పే ఖండం ముందుగా తన ఇంట్లో ఇది తేల్చుకోవాలి.

రెండోది, రెండు దేశాలు కలిస్తే పని వేగంగా జరుగుతుందని నమ్మడం పొరపాటు. వాతావరణంలో మీథేన్ కొలవడానికి మెర్లిన్ అనే ఉపగ్రహం పంపుతామని ఫ్రాన్స్, జర్మనీలు 2010లో ప్రకటించాయి. లేజర్ పరికరం జర్మనీది, ఉపగ్రహ వేదిక ఫ్రాన్స్‌ది. ఇప్పటికీ అది ఎగరలేదు. మీథేన్ మాత్రం మన కోసం ఆగలేదు.

మూడోది నా అసలు బాధ. ధనిక దేశాలు రెండు కలిసి సంచి కట్టుకుంటాయి, చిన్న దేశాల విద్యార్థులు గుమ్మం దగ్గర నిలబడతారు. ఇద్దరి మధ్య ఒప్పందం అంటే మూడోవాడికి తలుపు వేయడం కాదా?

పాత భూకేంద్రం (మంగళవారం, రాత్రి 11:10)

ప్రశ్నలపుట్ట గారి చివరి ప్రశ్నకు నా జీవితమే జవాబు, అందుకే ఇంత రాత్రి రాస్తున్నాను. నేను ఉపగ్రహ సమాచార రంగంలో పనిచేసి రిటైరయ్యాను.

1960లలో ఫ్రాన్స్ సారోస్ అనే సమాచార ఉపగ్రహం చేయాలనుకుంది, జర్మనీ ఒలింపియా అనేది చేయాలనుకుంది. రెండూ వేరువేరుగా డబ్బు తగలేయడం ఎందుకని 1967లో రెంటినీ కలిపి సింఫనీ అన్నారు. గ్రెనోబుల్ ఒప్పందం జరిగిన ఏడాదే. దాన్ని యూరప్ రాకెట్టు 'యూరోపా' మోసుకెళ్లాలి. 1971 నవంబరులో ఫ్రెంచ్ గయానాలోని కూరూ నుంచి ఎగిరిన యూరోపా-2 కూలిపోయింది. గతి లేక అమెరికాను అడిగారు. ప్రయోగాలకు మాత్రమే వాడుకోవాలి, వ్యాపారానికి వాడకూడదన్న షరతు మీద అమెరికా ఒప్పుకుంది. 1974 డిసెంబరులో మొదటిది, 1975 ఆగస్టులో రెండోది ఎగిరాయి. మూడు అక్షాల మీద స్థిరంగా నిలిచి భూస్థిర కక్ష్యలో పనిచేసిన తొలి సమాచార ఉపగ్రహాలలో అవీ ఉన్నాయి.

ఇప్పుడు మన సంగతి. 1977 నుంచి 79 వరకు ఆ సింఫనీ ఉపగ్రహాన్ని ఇస్రో, తంతి తపాలా శాఖ వాడుకున్నాయి. ఆ ప్రాజెక్టు పేరు స్టెప్. అమెరికా ఉపగ్రహంతో చేసిన సైట్ ప్రయోగం పల్లెలకు టీవీ చూపింది. స్టెప్ మాకు టెలిఫోను సర్క్యూట్లు ఉపగ్రహం గుండా ఎలా నడపాలో, ఒకేసారి ఎన్ని కేంద్రాలు ఎలా పంచుకోవాలో నేర్పింది. అప్పుడు నేను ఇరవై నాలుగేళ్లవాడిని. రిసీవరులో మొదటిసారి మాట స్పష్టంగా వినిపించినప్పుడు గదిలో ఒక్కరూ మాట్లాడలేదు. ఇన్సాట్ కట్టడానికి పనికొచ్చిన చేతులు అక్కడ తయారయ్యాయి.

కథ అక్కడితో ఆగలేదు. సింఫనీ షరతు యూరప్ గుండెకు ముల్లులా గుచ్చుకుంది. సొంత రాకెట్టు ఉండి తీరాలన్న ఫ్రాన్స్ పట్టుదలకు అది బలమిచ్చింది. 1973లో ఏరియన్ రాకెట్టుకు ఒప్పందం కుదిరింది, 1979 డిసెంబరు 24న మొదటి ఏరియన్ ఎగిరింది. 1981 జూన్ 19న మూడో ఏరియన్ మీద మన సమాచార ఉపగ్రహం ఆపిల్ వెళ్లింది. ఎద్దులబండి మీద పెట్టి పరీక్షించిన ఆ ఫోటో అందరూ చూసే ఉంటారు. ఆపిల్‌ను భూస్థిర కక్ష్యకు చేర్చిన మోటారు మన ఎస్ఎల్‌వీ-3 నాలుగో దశ నుంచి వచ్చింది, ఆ ఎస్ఎల్‌వీ ఎగిరింది మన శ్రీహరికోట నుంచి. రైన్ ఒడ్డున ఇద్దరు చేసుకున్న ఒప్పందం నెల్లూరు తీరాన్ని తాకిందని చెబితే అది కవిత్వం కాదు, నేను చూసిన సంగతి.

ఇద్దరు కలిస్తే మూడోవాడికి తలుపు మూసుకుపోతుందని ముందే తేల్చవద్దు బాబూ.

ప్రశ్నలపుట్ట (బుధవారం, ఉదయం 8:00)

పెద్దవారు మీరు. రెండుసార్లు చదివాను. ఆ తలుపు తెరుచుకున్న మాట నిజమే, ఒప్పుకుంటున్నాను. అయితే అది ఒప్పందంలో రాసిన హక్కు కాదు. అమెరికా షరతు వల్ల వ్యాపారానికి పనికిరాని ఉపగ్రహం ప్రయోగాలకు మిగిలింది, మనం దాన్ని చక్కగా వాడుకున్నాం. మూడో దేశానికి చోటు అనుకోకుండా దొరకడం వేరు, ముందే రాసిపెట్టడం వేరు. నేను అడిగేది రెండోది.

రెండు ఊళ్ల విద్యార్థిని (బుధవారం, మధ్యాహ్నం 12:50)

ఇన్ని విషయాలు వస్తాయని అనుకోలేదు. పాత భూకేంద్రం గారూ, మీ మాటలు మా నాన్నకు ఫోనులో చదివి వినిపించాను. ఆయన కూడా బీఎస్ఎన్ఎల్ మనిషే.

నాకు ఇంకో సందేహం. కట్టడాలు, ఉపగ్రహాలు అర్థమయ్యాయి. కానీ రెండు దేశాలు ఒకే చోట కూర్చున్నందువల్లే బయటపడిన శాస్త్ర సత్యం ఏదైనా ఉందా? కలిసినా కలవకపోయినా దొరికేది కాకుండా?

ఆల్ప్స్ నీడ (బుధవారం, రాత్రి 8:20)

ఉంది. నేనుండే చోటికి నడిచి వెళ్లేంత దూరంలోనే జరిగింది.

గ్రెనోబుల్‌లో బలమైన అయస్కాంత క్షేత్రాల ప్రయోగశాల ఒకటి ఉంది. 1970ల నుంచి 2004 వరకు దాన్ని స్టుట్‌గార్ట్ మాక్స్ ప్లాంక్ సంస్థ, ఫ్రెంచ్ సీఎన్ఆర్ఎస్ కలిసి నడిపాయి. అంత పెద్ద అయస్కాంతానికి విపరీతమైన కరెంటు, చల్లబరచడానికి నీరు కావాలి. ఒక విశ్వవిద్యాలయం తన ఖర్చుతో పెట్టుకోగలిగేది కాదు. జర్మన్ శాస్త్రవేత్త క్లౌస్ ఫన్ క్లిట్సింగ్ అక్కడికి కొలతల కోసం వచ్చారు. నమూనాలు జర్మనీ నుంచి, బ్రిటన్ నుంచి వచ్చాయి. 1980 ఫిబ్రవరి 5, తెల్లవారుజామున రెండు గంటల ప్రాంతం. ద్రవ హీలియంలో చల్లబడిన సిలికాన్ ట్రాన్సిస్టరులో నిరోధం మెట్లు మెట్లుగా మారుతోంది. మెట్టు ఎత్తు నమూనాతో మారడం లేదు. ప్లాంక్ స్థిరాంకాన్ని ఎలక్ట్రాను ఆవేశం వర్గంతో భాగిస్తే వచ్చే విలువ అది: 25,812.807 ఓమ్‌లు. దాన్ని పూర్ణసంఖ్యలతో భాగిస్తే మిగతా మెట్లు. అదే క్వాంటమ్ హాల్ ప్రభావం. 1985లో నోబెల్ వచ్చింది.

అయస్కాంతం ఫ్రెంచ్ నేల మీద, కొలిచినవారు జర్మన్, నడిపిన ఖర్చు ఇద్దరిదీ. అతని వేర్‌జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఆ రాత్రి అంత క్షేత్రం దొరికేది కాదు. ఇంకెక్కడైనా ఎప్పుడో ఎవరో కనుక్కునేవారేమో. ఈ మనిషి ఆ రాత్రి కనుక్కున్నాడంటే ఆ ఉమ్మడి సంచి వల్లే.

భౌతికశాస్త్రం మాస్టారు (బుధవారం, రాత్రి 9:00)

దీనికి ఒక్క మాట చేర్చనివ్వండి, ఆగలేకపోతున్నాను. 2019 మే 20 నుంచి కిలోగ్రాము అంటే పారిస్ దగ్గర బీరువాలో ఉన్న లోహపు స్తూపం కాదు, ప్లాంక్ స్థిరాంకం ద్వారా నిర్వచించిన కొలత. ఆ స్థిరాంకాన్ని తూకంతో ముడిపెట్టే కిబుల్ త్రాసు పనిచేయాలంటే నిరోధం కచ్చితంగా తెలియాలి. దానికి ఆధారం క్వాంటమ్ హాల్ ప్రభావమే. అంటే విజయవాడ రైతుబజారులో కిలో వంకాయల తూకానికి ఆధారంగా నిలిచే కొలతల గొలుసులో ఒక లంకె ఆ గ్రెనోబుల్ రాత్రి తయారైంది. మా పిల్లలకు ఈ మాట చెప్పినప్పుడు వాళ్ల కళ్లలో వెలుగు చూడాలి.

పైసా లెక్క (గురువారం, ఉదయం 7:45)

మంచి మాటలే, కానీ సంచి నిండేది ఎలాగో మరిచిపోకూడదు. 1991లో ఆ రియాక్టరులో లోపల పగుళ్లు కనిపించి ఆపేశారు. లోపలి పాత్రను కొత్తగా కట్టి తిరిగి నడిపేసరికి 1995 వచ్చింది. ఆ కాలమంతా ఒక్క న్యూట్రాను రాలేదు. అయినా వాటాదారులు సంచి మూయలేదు. అదీ నేను మెచ్చే గుణం. ఏడాది చివర లెక్క చూసి పారిపోయే భాగస్వామి అయితే ఆ రోజే కథ ముగిసేది. ప్రభుత్వాల మధ్య ఒప్పందం పదేళ్లకోసారి పొడిగిస్తూ వస్తారు. ఇప్పటిది 2033 చివరి వరకు ఉంది. చెల్లెమ్మకు వచ్చే మూడేళ్ల ప్రాజెక్టుకూ దీనికీ తేడా అక్కడే.

ప్రశ్నలపుట్ట గారి మొదటి రెండు మాటలతో నాకు పేచీ లేదు. ఒక సంగతి నేనే కలుపుతాను. 2019లో పారిస్ దగ్గర సక్లేలోని ఫ్రెంచ్ రియాక్టరు ఓర్ఫే మూతపడింది, అదే ఏడాది డిసెంబరులో బెర్లిన్‌లో బీఈఆర్-2 రియాక్టరు మూతపడింది. మ్యూనిక్ దగ్గర గార్షింగ్‌లోనిది 2020 వసంతంలో ఆగి ఏళ్ల తరబడి నడవలేదు. సొంత రియాక్టర్లు ఒక్కొక్కటే ఆరిపోతుంటే బరువంతా ఉమ్మడి రియాక్టరు మీద పడింది. స్వీడన్, డెన్మార్క్ కలిసి ఆతిథ్యమిస్తున్న కొత్త న్యూట్రాన్ల కేంద్రం స్వీడన్‌లోని లుండ్‌లో కడుతున్నారు, దాని కంప్యూటర్ల కేంద్రం డెన్మార్క్‌లో. అది పూర్తిస్థాయికి వచ్చేలోపు గ్రెనోబుల్ ఆరిపోతే నీలాంటి పిల్లలు ఎక్కడికి వెళ్లాలి?

ప్రశ్నలపుట్ట (గురువారం, మధ్యాహ్నం 2:15)

ఇది నాకు కొత్త కోణం. నా అభ్యంతరం ఉమ్మడి సంచి మీద కాదని ఇప్పుడు నాకే స్పష్టమైంది. రెండు దేశాలు విడివిడిగా తమ రియాక్టర్లు మూసేటప్పుడు ఒకరితో ఒకరు ఎంత మాట్లాడుకున్నారు? కట్టేటప్పుడు కలిసి కూర్చుని, మూసేటప్పుడు ఎవరి దారి వారు చూసుకుంటే మధ్యలో పరిశోధకులు నలుగుతారు. ఇంధనం సంగతి మాత్రం నేను వదలను.

ఆల్ప్స్ నీడ (గురువారం, సాయంత్రం 6:40)

వదలవద్దు. ఇక్కడ పనిచేసే మాకూ ఆ మార్పు రావాలనే ఉంది.

కలిసి పనిచేయడానికి మెర్లిన్ ఒక ముఖం అయితే మాస్కాట్ ఇంకో ముఖం. జర్మన్ అంతరిక్ష సంస్థ డీఎల్ఆర్, ఫ్రెంచ్ సంస్థ సీఎన్ఈఎస్‌తో కలిసి చేసిన చిన్న పెట్టె. బరువు సుమారు పది కిలోలు. జపాన్ నౌక హయబుసా-2 దాన్ని రియుగు గ్రహశకలానికి తీసుకెళ్లింది. 2018 అక్టోబరు 3న దిగింది. పెట్టెను జర్మనీలోని కొలోన్ నుంచి నడిపారు. బ్యాటరీ ఫ్రాన్స్ బాధ్యత, ఎక్కడ దిగాలో లెక్కలు కట్టింది ఫ్రాన్స్‌లోని టులూజ్‌లో. పదిహేడు గంటలు పనిచేసింది, అనుకున్నదాని కంటే కొంచెం ఎక్కువే. అక్కడ గురుత్వం ఎంత తక్కువంటే చక్రాలు పనికిరావు, లోపలి బరువును ఊపి గెంతాలి. ఎవరి పని ఏదో స్పష్టంగా పంచుకున్నప్పుడు రెండు సంచులతో కూడా పని సాగుతుందని చెప్పడానికే ఇది రాశాను.

ఇంకొకటి, మూడో దేశానికి చోటు గురించి. మన దేశం, ఫ్రాన్స్ కలిసి 1987లో పెట్టుకున్న సెఫిప్రా అనే కేంద్రం ఢిల్లీలో ఉంది. రెండు ప్రభుత్వాలూ డబ్బు వేసి ఒకే చోట ప్రతిపాదనలు చూస్తాయి. మీరడిగిన 'ముందే రాసిపెట్టిన చోటు' అలాంటిదే. అది ఇంకా పెద్దది కావాలని అడుగుదాం.

రెండు ఊళ్ల విద్యార్థిని (తొమ్మిది వారాల తరువాత, శుక్రవారం, రాత్రి 10:05)

అందరికీ మళ్లీ నమస్కారం. రెండు సంగతులు.

ఉమ్మడి ప్రతిపాదన పంపాం. ఫలితం రావడానికి ఇంకా నెలలు పడుతుంది. పైసా లెక్క గారి మాట విని ఖర్చుల పట్టిక మళ్లీ రాశాను: జర్మన్ వైపు నా తరువాతి విద్యార్థి జీతం, ఫ్రెంచ్ వైపు పరికరాలు, ఒక పోస్ట్‌డాక్ (పిహెచ్‌డి తరువాతి తాత్కాలిక పరిశోధకుడు). మా ఇద్దరు ఆచార్యులూ మొదటిసారి ఒకే కాగితం చూసి ఒకే మాట అనుకున్నారు.

రెండోది, గ్రెనోబుల్‌లో ప్రయోగానికి మా బృందం నిరుడే విడిగా పెట్టుకున్న దరఖాస్తుకు ఐదు రోజులు దక్కాయి. వచ్చే నెల వెళ్తున్నాను. ఆల్ప్స్ నీడ గారూ, ఏం సిద్ధం చేసుకోవాలి?

ఆల్ప్స్ నీడ (శనివారం, ఉదయం 9:30)

శుభం! ఊళ్లో దిగాక బి నంబరు ట్రామ్ ఎక్కి చివరి స్టాపు వరకు రండి. పాస్‌పోర్టు మరవవద్దు, గేటు దగ్గర అది లేకుండా లోపలికి పంపరు. రేడియేషన్ కొలిచే బిళ్ల అక్కడే ఇస్తారు. న్యూట్రాన్ల పుంజం రాత్రి, పగలు ఆగదు కాబట్టి ఇద్దరు వస్తే మంచిది, వంతులవారీగా నిద్రపోవచ్చు. ప్రయోగం అయ్యాక నమూనాను వెంటనే ఇవ్వరు. అందులో రేడియోధార్మికత తగ్గేదాకా వాళ్లే ఉంచుకుంటారు, ఆ లెక్క ముందే వేసుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న: మీ నమూనాలో ఉన్నది మామూలు లిథియమా? అందులో సుమారు ఏడున్నర శాతం లిథియం-6 ఉంటుంది, అది న్యూట్రాన్లను మింగేస్తుంది. ఐదు రోజులూ చీకటిలో కూర్చున్నట్లే అవుతుంది.

రెండు ఊళ్ల విద్యార్థిని (శనివారం, ఉదయం 11:15)

కాదండీ, లిథియం-7తోనే చేశాం. లిథియం-7 లవణం కొన్నది ఫ్రాన్స్ ఖాతా నుంచి. పొడిని కొలిమిలో వండింది నేను, జర్మనీలో. గొట్టంలో మూతవేసి, రెండు విశ్వవిద్యాలయాల పేర్లూ చీటీ మీద రాసి నిన్ననే పంపాను.